ఒకే పేరు, ఒకే ఇల్లు, ఒకే పుట్టినరోజు

"చొల్బే" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బెంగాలీలో 'నడుస్తుంది' అని, అంటే పర్వాలేదులే అని. అరిగిపోయిన టైరుకీ అదే మాట, ఉప్పు తక్కువైన పప్పుకీ అదే మాట. మా బాస్‌కి అది ఊతపదం. కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక మేడ మీద మూడు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయనది. ఆయన్ని దాదా, అంటే అన్నయ్యా, అనే పిలవాలి. పిలుపులోనే చుట్టరికం, జీతం పెంచమంటే కాదు. ప్రోగ్రాం రాసేదాన్ని నేనొక్కదాన్నే. తెరలు అందంగా దిద్దడానికి ఇంకొకతను ఉండేవాడు.

ఆ ఏడాది మాకొక పెద్ద పని వచ్చింది. రేవులో కాంట్రాక్టర్ల కింద సరుకు మోసే కూలీల పేర్లన్నీ ఒక వెబ్‌సైట్‌లోకి ఎక్కించాలి. పేరు ఎక్కినవాళ్ళకి గుర్తింపు కార్డు వస్తుంది. కార్డు ఉంటే కార్మికుల ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లకి చూపించుకోవచ్చు. మా నాన్న ఆ కూలీల్లో ఒకడు. నేను పెద్దనాన్న అని పిలిచే మనిషి, నాన్నకి పెదతండ్రి కొడుకు, ఆయనా అక్కడే. ఇద్దరూ శ్రీకాకుళం నుంచి ఒకే రైల్లో వచ్చి హౌరాలో దిగి, ఒకే రోజు పనిలో చేరి, ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే ఇంట్లో చెరో గదిలో కాపురం పెట్టారు. పెద్దనాన్నకి అప్పటికి రెండేళ్ళుగా ఆయాసం. మెట్లెక్కితే మధ్యలో కూర్చునేవాడు. కార్డు వస్తే ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్ళచ్చని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ పని చేసేది నేనేనని తెలిశాక మా వాడ అంతా తిరిగి చెప్పాడు. "కంపూటర్లో మా గుంటే రాస్తన్నాది. ఇంక మనకి బెంగ నేదు" అని.

గడువు మూడు వారాలు. ఎన్నికల ప్రకటన వస్తే మంత్రులు ప్రారంభోత్సవాలు చెయ్యకూడదట. కాబట్టి ఈలోపే బొత్తం నొక్కాలి, ఫొటో దిగాలి. మూడు నెలల పనిని మూడు వారాల్లో చేస్తామని మా బాస్ మాటిచ్చేసి వచ్చాడు, నన్ను ఒక్క మాట అడగకుండా. అందులోనూ ఒక రోజు బంద్ మింగేసింది. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు, నేను గోళ్ళు కొరుక్కున్నాను.

ఒకే మనిషి రెండుసార్లు పేరిచ్చి రెండు కార్డులు తీసుకోకుండా ప్రోగ్రాం పట్టుకోవాలి, అది ఒప్పందంలో ముఖ్యమైన షరతు. నేను ఐదు వివరాలు పోల్చేలా రాశాను. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, చిరునామా, పుట్టిన తేదీ. పాత రిజిస్టర్లలో సగం మందికి తండ్రి పేరు రాసిలేదు. అవి నింపుకురావాలంటే రేవుకి మనుషుల్ని పంపాలి, వారం పడుతుంది. బాస్ నా కుర్చీ వెనక నిలబడి చూశాడు.

"తండ్రి పేరు తీసెయ్. మిగిలిన నాలుగూ చాలు. చొల్బే."

"తప్పులు రావా, దాదా?"

"ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఇల్లు, ఒకే పుట్టినరోజు. అలాంటి ఇద్దరు మనుషులు ఈ ప్రపంచంలో ఎక్కడైనా ఉంటారా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మా వైపు పెద్ద మనవడికి తాత పేరు పెడతారు. తాతకి ఇద్దరు కొడుకులుంటే ఇద్దరి పెద్దకొడుకులకీ ఆ పేరే. నాన్నదీ పెద్దనాన్నదీ ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు. అందుకే ఇంట్లోనూ రేవులోనూ ఒకరు పొడుగోడు, ఒకరు పొట్టోడు. ఇక పుట్టిన తేదీ అంటారా, మావాళ్ళెవరికీ అది తెలియదు. పనిలో చేర్చుకున్నప్పుడు గుమాస్తా మొహం చూసి ఏడాది వేసి, అందరికీ జనవరి ఒకటి అని రాసేశాడు. ఒకే రోజు చేరిన వీళ్ళిద్దరికీ ఏడాది కూడా ఒకటే వేశాడు. ఇదంతా నాకు బళ్ళోకి వెళ్ళకముందు నుంచి తెలుసు. మా వాడలో ఇలాంటి జంటలు ఎన్నో. కానీ ఆ ఏసీ గదిలో కూర్చున్నాక నేను కూడా ఆ బాబుల బుర్రతోనే ఆలోచించాను. పరీక్ష కోసం నేను టైపు చేసిన ఉత్తుత్తి పేర్లలో ఒక్క తెలుగు పేరు లేదు.

ప్రోగ్రాం మొదటిసారి నడిపితే దొంగపేర్ల జాబితా చాంతాడంత వచ్చింది. బాస్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ జాబితా తెరిచి పది పేర్లు చదివుంటే నాకు తెలిసిపోయేది. చదవలేదు. మర్నాటికి ఫొటోల పేజీ అవ్వాలి.

ప్రారంభోత్సవం రోజు బంతిపూల దండలు, మైకులు, ప్లేట్లలో సందేశ్ మిఠాయిలు. మంత్రిగారు బొత్తం నొక్కారు. ఇన్ని వందల దొంగపేర్లు కంప్యూటర్ పట్టేసిందని అంకెతో సహా మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

వారం తర్వాత ఎవరికి కార్డు వచ్చిందో, ఎవరికి రాలేదో చెప్పే చీటీలు పంచారు. జాబితాలో నాన్న పేరు ముందు ఎక్కింది కాబట్టి ఆయనకి కార్డు. రెండోది నకిలీ. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే పెద్దనాన్న తన చీటీ నా చేతికిచ్చాడు.

"ఏటి రాసినారే గుంటా, సదువు."

చదివాను. చదివి ఇంకోసారి చదివాను. "నీ పేరు రెండుసార్లు ఉందన్నారు పెద్దనాన్నా. రెండోది దొంగపేరని కొట్టేశారు" అన్నాను.

"నాను దొంగనేటి?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి బాస్ మీద విరుచుకుపడ్డాను. తండ్రి పేరు మళ్ళీ కలిపి, అది రాసి లేనివాళ్ళని కొట్టెయ్యకుండా ఉంచితే చాలు, పది నిమిషాల పని అన్నాను. ఆయన తలుపు దగ్గరగా వేశాడు. మంత్రిగారు మైకులో చెప్పిన అంకె ఇప్పుడు తగ్గితే ఆయన పరువేం కావాలి, మా కంపెనీ ఏం కావాలి అన్నాడు. ఎన్నికలు అవనీ, చూద్దాం అన్నాడు. నేను ఉద్యోగం మానేస్తానని అరిచాను. మానలేదు. ఇంట్లో నెలనెలా వచ్చే జీతం నాదొక్కటే. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

కార్డుల ఆఫీసుకి పెద్దనాన్నని నేనే తీసుకెళ్ళాను. గుమాస్తా ముందు నేను తయారుచేసిన తెరే. ఇద్దరిలో ఎవరిని ఉంచాలి అని అడుగుతుంది. ఇద్దరినీ ఉంచే బొత్తం లేదు, నేను పెట్టలేదు కాబట్టి. గుమాస్తా మంచివాడే. "నేనేం చెయ్యను దీదీ, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు" అన్నాడు నాతో.

చివరికి యూనియన్ దాదా ఒకాయన దారి చెప్పాడు. పేరు మార్చుకున్నట్టు కోర్టు కాగితం చేయించి, కొత్త మనిషిగా ఎక్కించడమే. ఏం పేరు పెడదామంటే పెద్దనాన్న బిక్కమొహం వేశాడు. పలకడానికి సులువుగా ఉంటుందని ఆ దాదాయే ఒక బెంగాలీ పేరు చెప్పాడు. నేను రాశాను. పెద్దనాన్న వేలిముద్ర వేశాడు. దారిలో ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నాడు, మూడోసారి తప్పాడు.

ఎన్నికలయ్యాయి. పాత ప్రభుత్వం పోయింది, కొత్తది వచ్చింది. ఆ అంకె ఎవరికీ గుర్తు లేదు. ఒక మధ్యాహ్నం ఎవరినీ అడగకుండా ఆ పది నిమిషాల పని చేసేశాను. ఎవరూ గమనించలేదు. మారిన పేర్లు మాత్రం మారినట్టే ఉండిపోయాయి.

కొత్త కార్డుతో ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర వంతు దొరికేసరికి దుర్గాపూజలు దగ్గరపడ్డాయి. ఆ రోజు సెలవు పెట్టి వెంట వెళ్ళాను. ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఎక్స్‌రే తేవడానికి కింది అంతస్తుకి వెళ్ళాను. అక్కడ వరుస కదలలేదు. నేను పైకి వచ్చేసరికి డాక్టర్ గది తాళం వేసి ఉంది. పూజ సెలవులయ్యాకే మళ్ళీ వస్తాడట. పెద్దనాన్న బెంచీ మీద అలాగే కూర్చుని ఉన్నాడు, ఊపిరి ఎగబీలుస్తూ.

"నిన్ను పిలవలేదా?" అని అడిగాను.

"నేదమ్మా. ఎవుణ్ణో పిలిసినారు, మూడుసార్లు. ఆడు పలకనేదు. సెవుడేమో, పాపం" అన్నాడు.