రాజుకు దారి లేని ఆట

మా ఆయన ఆడే చదరంగంలో బంటు మొదట ఒక్క గడే నడవాలి. ఎదుటి రాజుకు కదిలే గడి లేకుండా చేస్తే, చెక్ ఉన్నా లేకున్నా గెలిచినట్టే. పులివెందులలో మా అరుగు మీద నలభై ఏళ్లు ఇదే ఆట. మా కూతురి బిడ్డ కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది.

ఒకసారి బడి సారు ఇంటికొచ్చి, "పోటీల ఆట వేరుమ్మా. ప్రొద్దుటూర్లో నేర్పేవాళ్లుండారు, సెలవుల్లో పాపను పంపించు" అన్నాడు.

"కూర్చోని ఆడే ఆటకు ట్యూషనేంది సామీ? వాళ్ల తాత నేర్పింది చాల్దా?" అన్నాను.

ప్రొద్దుటూరు పోటీలో చివరి ఆట గెలిస్తే పాప జిల్లా జట్టులోకి పోతుంది. మా ఆయన అప్పటికే పక్షవాతంతో మంచాన ఉన్నాడు. "గెలిచి రా పాపా. నేను పోయేలోగా ఆ మాట వినాల" అని పంపాడు.

ఎదురుగా జమ్మలమడుగు పిల్ల. పాప తాత నేర్పినట్టే రాజు ముందరి బంటును ఒక్క గడి జరిపింది. "అంత భయమేంది మే?" అని ఆ పిల్ల నవ్వింది. రెండు గంటలకు ఆ నవ్వు పోయింది. ఆ పిల్లకు మిగిలింది ఒక్క రాజు, అదీ మూలన. పాప మంత్రిని జరిపింది. ఇక ఆ రాజుకు ఎటూ దారి లేదు. కిటికీ బయట నేను గెలుపే అనుకొని సంచి భుజానికి తగిలించుకున్నాను.

పోటీ జరిపే సారు వంగి చూశాడు. "చెక్ లేదు, కదిలే గడీ లేదు. డ్రా."

"మా తాత గెలుపంటాడు సార్."

"మీ ఇంట్లో అమ్మా. ఈడ డ్రానే."

అప్పటికే పాప కన్నా అర పాయింటు ముందున్న జమ్మలమడుగు పిల్ల డ్రాతోనే జట్టులోకి పోయింది.

బస్సు ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలు దాటుతోంది. పాప మెల్లగా అంది: "నన్ను పంపించింటే తెలిసుండేది కదవ్వా." కోపంగా అనలేదు. సిమెంటు దుమ్ము వస్తోందని నేను కిటికీ అద్దం మూశాను.

ఇంట్లో మా ఆయన అడిగింది ఒకటే. "రాజు కదిలినాడా?"

"కదల్లేదు తాతా."

"అయితే గెలిచినావు. జట్టుకు ఎప్పుడు పోవాల?"

పాప నా వైపు చూసింది. "పిలుస్తారులే" అన్నాను. ప్రాణం పోయేదాకా రోజూ పొద్దున్నే అడిగేవాడు, పిలుపు వచ్చిందా అని. రేపు వస్తుందని చెప్పేదాన్ని.

ఆయన దినాలైనాక నేనే బడికి పోయి, ప్రొద్దుటూర్లో నేర్పే ఆయన చిరునామా రాయించుకొచ్చాను. పాప ఆ కాగితం చదివి మడిచి నా చేతికిచ్చింది.

"ఇప్పుడెందుకవ్వా" అని, చేటలో శనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది.