‘అని సమాచారం’ తిరుపతిరావు

మా తిరుపతిరావు గారు ఏ మాటనీ తన సొంత పూచీ మీద చెప్పరు. కంకిపాడు నుంచి పత్రికకు వార్తలు రాసి రాసి, చివర ‘అని సమాచారం’ తగిలించనిదే ఆయనకు వాక్యం పూర్తయినట్టుండదు. పక్కింట్లో ఉండి ఇన్నేళ్లుగా భరిస్తున్నవాణ్ణి, నాకు తెలుసు.

“పులుసెలా ఉందండీ?” అని భార్య మాణిక్యం అడుగుతుంది.

“ఉప్పు తగ్గిందని కొందరి ఆరోపణ.”

“ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఆ కొందరెవరో చెప్పండి!”

“పేర్లు బయటపెట్టకూడదు మాణిక్యం.”

డాక్టరు నొప్పెక్కడంటే, “కుడి మోకాలని తెలిసింది” అన్నారు. ఎందుకైనా మంచిదని ఆ డాక్టరు ఎడమ మోకాలికి కూడా ఎక్స్‌రే తీయించాడు.

ఇలాంటి మనిషి కాలువ పూడికతీత కుంభకోణం బయటపెట్టారంటే ఎవరు నమ్ముతారు? తట్టెడు మట్టి కూడా తీయకుండా బిల్లులన్నీ మింగేశాడు కాశీరావనే నాయకుడు. వార్త రాసినందుకు ఈయన ఉద్యోగం పోయింది. మింగినందుకు కాశీరావుకి ఇంకా పెద్ద పదవొచ్చింది! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. లోపలి సంగతి చెప్పిందెవరని కాశీరావు మనుషులు ఇంటిమీదికొచ్చి ఎంత బెదిరించినా, ఈయన నోరు విప్పలేదు.

జయంత్ అనే కుర్ర దర్శకుడు ఆ కథను సినిమాగా తీశాడు. విజయవాడలో మొదటి ఆటకు తిరుపతిరావు గారు నన్నూ వెంటబెట్టుకెళ్లారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? కాశీరావే! సినిమాలో దొంగ పేరు మార్చారట. అందుకని అసలు దొంగకు శాలువా! చప్పట్లు కొట్టడానికి తన ఆఫీసు సిబ్బందినంతా తోలుకొచ్చాడు కూడా.

తెరమీద విలేకరి హీరో హెలికాప్టర్లోంచి దూకాడు.

“నాకు పాత సైకిలుండేదని సమాచారం,” అని గొణిగారు తిరుపతిరావు గారు.

చివర్లో హీరో మైకు పట్టుకున్నాడు. “ఈ రహస్యం నాకు చెప్పింది, ఆ ఆఫీసులో బిల్లులు టైపు చేసే అమ్మాయి!”

హాలంతా ఈలలు. ముందు వరసలో కాశీరావు మెల్లిగా తల వెనక్కి తిప్పాడు. వాళ్ల ఆఫీసులో ఆ పని చేసేది ఒక్కతే. కృప అనుకుందాం, అసలు పేరు నేనూ చెప్పను. నా పక్క వరసలోనే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చెప్పింది తనేనని నాకప్పుడు అర్థమైంది.

తిరుపతిరావు గారు లేచి నిలబడ్డారు.

“ఆపండ్రా సినిమా! పచ్చి అబద్ధం! నాకు చెప్పింది మగాడు! ఇంతేసి మీసాలున్న మగాడు! ఈ కళ్లతో చూశాను!”

జయంత్ పరిగెత్తుకొచ్చాడు. “సార్, కథ కోసం ఊహించి రాశామండీ...”

“ఊహించి మనిషిని పట్టిస్తావా? చెప్పినోడు రేపు అదే ఆఫీసుకెళ్లాలయ్యా! నీకు ఈలలు, వాడికి ఉరితాడూనా?”

నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఆయన జీవితంలో సొంత పూచీ మీద చెప్పిన మొదటి మాట ఇది. అదీ శుద్ధ అబద్ధం! ఇన్నాళ్లూ ఆ నసుగుడు చూసి నవ్వాం గానీ, దాని చాటున ఒక ఆడపిల్ల బతుకు భద్రంగా ఉందని మాకేం తెలుసు?

మర్నాడు ఆ ఆఫీసులో మగాళ్లంతా మీసాలు నున్నగా గొరిగించుకుని వచ్చారు. అందరికంటే ముందు మంగలి దగ్గరికి పరిగెత్తింది, అక్కడే పనిచేసే కాశీరావు సొంత బావమరిది. పాపం, కాశీరావు ఇప్పటికీ అతని చేతి కాఫీ కూడా తాగడం లేదు.