పచ్చ గీత కింద నీళ్ళు

"నీళ్ళు ఇంకా పచ్చ గీత కిందే ఉన్నాయి కదమ్మా, దిగడమెందుకు?" అని మా పెద్దమ్మాయి చేపల చెరువు గట్టు మీద కూర్చునే అడిగింది. నాకు మొదట భయం వేసింది ఆ మాటకే.

ఆ పచ్చ గీత గీసింది నేనే. పిల్లల మనసులో ఏది ఎలా నిలుస్తుందన్నది నా పరిశోధన. తాడేపల్లిగూడెంలో పాఠాలు చెబుతూ, మారుతున్న వానల గురించి, వరదల గురించి బడిపిల్లలకు ఎలా నేర్పాలో ఆరేళ్ళుగా చూస్తున్నాను. కొల్లేటి ఊళ్ళ బళ్ళ కోసం నీళ్ళలో పాతి మట్టం చూసే ఒక రంగుల కర్ర తయారుచేశాను. నీళ్ళు పచ్చ గీత కింద ఉంటే భయం లేదు, పసుపు దాటితే పెద్దవాళ్ళకు చెప్పాలి, ఎరుపు దాటితే ఊరు వదలాలి. నెలలు గడిచాక అడిగినా పిల్లలు తడుముకోకుండా చెప్పారు. ఎంత పొంగిపోయానో.

ఆ రోజు సెలవు. ఏలూరులో మా ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళు లేక ఇద్దరమ్మాయిల్నీ వెంటబెట్టుకుని, చెరువులో పాతిన కర్ర చూడ్డానికి వెళ్ళాను. మూడు రోజుల వాన అప్పుడే వెలిసింది. కాపలా ఉండే పెద్దావిడ గట్టు వెలుపల కిందికి వంగి, అడుగున ఊరుతున్న నీళ్ళు దోసిట పట్టి చూసింది. పిల్లల్ని వెంటనే దింపమంది.

"ఊట తేటగా ఉంటే పర్లేదండీ. ఇదిగో, మన్ను కలిసొస్తోంది. గట్టుని లోపల్నించి తినేస్తోందండి. మీ కర్ర పైపైనే చూస్తాదండి."

చిన్నదాన్ని చంకనెత్తుకుని పెద్దదాన్ని చెయ్యి పట్టి లాగాను. రోడ్డెక్కేదాకా అది ఏడుస్తూ నా పాఠం నాకే అప్పజెప్పింది. అరగంటకి గట్టు తెగింది. పిల్లలు కూర్చున్న చోట కాదు, కాస్త ఇవతల. చేపలన్నీ పక్కనున్న బోదె కాలువలోకి కొట్టుకుపోతుంటే ఆవిడ చూస్తూ నిలబడింది. తర్వాత నావైపు తిరిగి, పిల్లలు బెదిరిపోయారు, టీ తాగి వెళ్ళండమ్మా అంది.

ఆరేళ్ళలో టీచర్లను అడిగాను, పిల్లలను అడిగాను. గట్ల మీద బతికేవాళ్ళను గట్టు ఎలా తెగుతుందని ఒక్కసారీ అడగలేదు. నేను సరిగ్గా నేర్పలేకపోయి ఉంటే పిల్లలు ఈపాటికి మరిచిపోయేవాళ్ళు. బాగా నేర్పాను. బాగా నేర్చుకున్నదాన్ని మాన్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ పనే చదువుకున్నాను కదా. ఇన్ని బళ్ళు తిరగాలన్న తలపుకే ఒళ్ళు బరువెక్కుతోంది.

మర్నాడు పొద్దున్న జడలు వేస్తూ ఇద్దరికీ చెప్పాను. పచ్చ గీత కింద నీళ్ళున్నా గట్టు తెగుతుంది, అమ్మ తప్పు చెప్పింది. అక్కడివాళ్ళు దిగమంటే ముందు దిగండి, ఎందుకని తర్వాత అడగండి.

"మరి బళ్ళో పిల్లలకి?" అంది పెద్దది.

ఇవాళ్టి నుంచి ఒక్కో బడికీ వెళ్ళి చెబుతానన్నాను. చాలా రోజులు పడుతుందని, సాయంత్రాలు పక్కింటి ఆంటీ దగ్గర అల్లరి చెయ్యకుండా ఉండాలని చెప్పాను.