నిండు మోత, బోలు మోత

దాణా మిల్లులో ఆయన్ని అందరూ డాక్టరు అనేవారు. చదివింది ఐదో తరగతే. కానీ మూడంతస్తుల ఇనుప గాదెను చెక్క సుత్తితో తట్టి, రేకుకు చెవి ఆనించి, లోపల మొక్కజొన్న ఎలా ఉందో చెప్పేసేవాడు.

గింజలు నీళ్లలాంటివి కావు. కింది మూత తీస్తే కాస్త జారి, ఒక్కోసారి పట్టేస్తాయి. ఒకదానికొకటి భుజం ఆనించి, బరువంతా గోడల మీదకు తోసేసి, కమానులా నిలబడిపోతాయి. పైనుంచి చూస్తే గాదె నిండుగానే కనిపిస్తుంది. లోపల మాత్రం గదంత బోలు. అందుకే డాక్టరు కింద తట్టి "నిండే" అంటేనే పట్టేసిన గింజను పొడిచి కదపడానికి పైనున్న మనిషి దాని మీద అడుగు పెట్టాలి. నిండుగా ఉన్న చోట రేకు దబ్బుమంటుంది. బోలుగా ఉన్న చోట ఖంగుమంటుంది.

రెండేళ్లుగా ఆయన చెవికి ఆ ఖంగు అందడం మానేసింది. ఇంట్లో భార్య, "వార్తలు పక్కవీధికి కూడా మనమే వినిపించాలాండీ?" అంటూ టీవీ తగ్గించేది. ఆయన నవ్వేసేవాడు. మిల్లులో చెబితే సుత్తి తీసేసుకుని సంచులు కుట్టే చోట కూర్చోబెడతారు. డాక్టరు పోయి ముసలాడు మిగులుతాడు.

నెల కిందట గింజ పట్టేసినప్పుడు పైకెక్కింది అదే మిల్లులో పనిచేసే ఆయన బావమరిది. డాక్టరు నాలుగు చోట్ల తట్టాడు. నాలుగూ దబ్బుమన్నాయి.

"నిండే" అని కేకేశాడు.

పైపొర విరిగి బావమరిది గుండెల దాకా దిగిపోయాడు. మోకు పట్టి నలుగురు లాగినా రాలేదు. గింజలు అంత బిగుతుగా పట్టుకున్నాయి. చివరికి చుట్టూ పలకలు దించి, మధ్యలో గింజల్ని చెంబులతో తోడి పైకి తీశారు. రెండు పక్కటెముకలు విరిగాయి.

ఆసుపత్రికి వచ్చిన మిల్లు మేస్త్రీ, "డాక్టరు మాట ఎప్పుడూ తప్పలేదు. నువ్వే దబ్బున దూకి ఉంటావు" అన్నాడు.

"అక్క పెట్టే తిండి అలాంటిది మరి." బావమరిది నవ్వబోయి నొప్పితో ఆగిపోయాడు. "బావ తప్పేం లేదు."

మంచం పక్కన పండు తొక్క తీస్తున్న డాక్టరు తలెత్తలేదు. ఆ మాట మాత్రం ఆయనకు స్పష్టంగా వినపడింది.

బావమరిది మళ్లీ పనిలోకి వచ్చిన రోజే గింజ పట్టేసింది. అతను నడుముకు మోకు కట్టుకున్నాడు.

"తట్టు బావా. పొద్దున్నుంచీ ఏమీ తినలేదులే."

డాక్టరు తట్టాడు. దబ్బు. ఇంకో చోట తట్టాడు. అక్కడా అంతే.

"ఏమంటోంది?"

"తెలీదురా. నాకు వినపడదు."

బావమరిది అర్థం కానట్టు చూశాడు.

"ఆ రోజూ వినపడలేదు."

బావమరిది సుత్తి తీసుకుని తనే ఒకసారి తట్టాడు. ముఖం పాలిపోయింది.

"ఖంగుమంటోంది కదా బావా," అన్నాడు మెల్లగా. మోకు ముడి విప్పుకుంటూ, "ఎన్నాళ్లయింది?" అని అడిగాడు.

"రెండేళ్లు."

"ఈ రెండేళ్లలో నేనెన్నిసార్లు ఎక్కుంటాను?"

డాక్టరుకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. నెల రోజులుగా ఆ లెక్క నాలుక మీదే ఉంది.

"అరవై మూడు."

ఏదో ఒక జోకు వేస్తాడని కాసేపు ఎదురుచూశాడు. బావమరిది మోకును చుట్టలు చుట్టుకుంటూ ఉండిపోయాడు. డాక్టరు ఒక్కడే మేస్త్రీ గది వైపు నడిచాడు.