నాలుగు చీరల హిమోగ్లోబిన్

మొన్న ఏడాదికోసారి చేయించుకునే రక్తపరీక్ష కాగితం వస్తే, ఇంట్లో అందరూ షుగరెంత, కొవ్వెంత అని వెతుకుతున్నారు. నా చూపు మాత్రం హిమోగ్లోబిన్ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ మాట చూస్తే నాకు నాలుగు నూలు చీరలు గుర్తొస్తాయి. అవి మా మేనత్తవి. తొంభైల్లో చిత్తూరులో, ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆమె జంతుశాస్త్రం చెప్పేది. నేను ఆమె ఇంట్లోనే ఉండి, ఆమె క్లాసులోనే చదువుకున్నాను. ఇంట్లో అత్తా అని, కాలేజీలో మేడం అని పిలవాలి. నేనెప్పుడూ తారుమారుగానే పిలిచేదాన్ని.

ఒకరోజు పొద్దున ఆమె బీరువాలోంచి రెండు ఎర్ర చీరలు, రెండు పసుపు చీరలు తీసి సంచిలో కుక్కింది. "కాలేజీకి పోతా ఉండావా, చీరలమ్మేదానికి పోతా ఉండావా?" అంది మా అవ్వ. క్లాసులో అత్త ఒక చీరను బల్ల మీద పొడుగ్గా పరిచి, "ఇదీ ప్రోటీను గొలుసు. ఇట్లనే ఉంటే దీంతో మనకు పనిలేదు" అని, మడతలు పెట్టి, మెలికలు తిప్పి ఉండ చుట్టింది. నీళ్లంటే గిట్టని భాగాలు లోపలికి ముడుచుకుంటాయని, నీళ్లతో పొత్తు కుదిరేవి బయటికి తిరుగుతాయని, అందుకే ఆ ఉండ నీళ్లలో కరుగుతుందని చెప్పింది. మిగతా మూడింటినీ అలాగే చుట్టి, ఎర్రవి ఒక రకం గొలుసులు, పసుపువి ఇంకో రకం అంది. ఒక్కో ఉండ మడతలో ఒక ఇనప నట్టు దోపి, నాలుగింటినీ దగ్గరికి చేర్చి, "ఇదే హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును పట్టుకునేది ఈ ఇనుమే" అంది. మేమంతా నవ్వుతుండగానే నా పక్కనున్న పిల్ల బెంచీ మీంచి జారి పడిపోయింది.

ఆ పిల్ల ఏమీ తినకుండా ఊరినుంచి మొదటి బస్సుకు వచ్చేది. అత్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఆరే ఉందన్నారు. రెండోరోజు వాళ్ల నాయన టీసీ కోసం వచ్చాడు. "రగతం లేని బిడ్డమ్మా. సదివింది సాలు. ఇంటికాడ నీడన ఉంటాది" అన్నాడు తువ్వాలు నలుపుతూ. ఆ మనిషిలో కోపం లేదు, భయం. ఆ పిల్ల గోడకానుకుని ఏడుస్తోంది. చీరల సంచి ఇంకా స్టాఫ్ రూములోనే ఉంది. అత్త మళ్లీ నాలుగు ఉండలూ చుట్టి, మాకు చెప్పిన పాఠమే ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా ఆయనకు చెప్పింది. ఒక నట్టు తీసి ఆయన చేతిలో పెట్టి, "నీ బిడ్డకు కొరత ఇదేన్నా. ఇది చాలకుంటే ఒళ్లు వీటిని సరిగా తయారుచేసుకోలేదు. మాత్రలేసుకుని, బాగా తింటే కోలుకుంటాదని డాక్టరే చెప్పినాడు" అంది. ఆయన నట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నట్టు ఊడిందని మోటారును బాయిలో పారేస్తామా తల్లీ" అన్నాడు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత నెలల తరబడి అత్త డబ్బాలో సంగటీ ఆకుకూరా ఇద్దరికి సరిపడా వెళ్లేవి. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని ఆ పిల్ల మొహం చిట్లించేది. "తిప్పనీ, మింగు" అనేది అత్త. ఆ పిల్ల డిగ్రీ పూర్తిచేసి, శిక్షణ తీసుకుని, తిరుపతిలో ఒక ల్యాబులో చేరింది. ఒకసారి మేము ఆ పక్కకు పోతే అత్తను కూర్చోబెట్టి రక్తం తీసి, కాగితం చేతికిచ్చి, "మీకే తక్కువుండాది మేడం, నాకు పెట్టి మీరేం తిన్నారు?" అని గట్టిగా కోప్పడింది. అత్త తల దించుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పాఠం చెప్పిన ఆ ఏడు అత్తకు నలభై కూడా నిండలేదు. మాకేమో ఆమె పుట్టినప్పట్నుంచీ పెద్దావిడే అనిపించేది. ఆ వయసు దాటి నేను చాలా దూరం వచ్చేశాను. అప్పుడామె ఎంత చిన్నదో ఇన్నాళ్లకు గానీ తెలిసిరాలేదు.