వాగు అవతల బాబాయి

మా ఊరి పటం గీయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వెనక గుట్ట, ముందు వాగు, మధ్యలో మూడు వీధులు. గుట్ట అడ్డం కాబట్టి మాకు పొద్దు తొందరగా వాలుతుంది. దీపాలు పెట్టడమైనా, పోట్లాటలు మొదలెట్టడమైనా పక్క ఊళ్లకంటే మేమే ముందు. పై వీధిలో బడి, నడి వీధిలో కొట్లు, కింద వీధిలో వడ్రంగులూ మాబోటి కుట్టుపనివాళ్లూ. నా మిషను పక్క కిటికీలోంచి చూస్తే వాగు మీది వంతెన, దాని మొదట్లో ఊరి బోర్డు కనిపిస్తాయి.

బోర్డు మీద ఊరి పేరు, దాని కింద జనాభా. మిగతా ఊళ్లలో ఆ అంకె ఒకసారి రాసి మర్చిపోతారట. మా ఊళ్లో అలా కుదరదు. బిడ్డ పుడితే ఆ పూటే ఒకటి పెరగాలి, ఎవరైనా పోతే ఒకటి తగ్గాలి. ఆ పని బోర్డు బాబాయిది. ఆయన మా నాన్నకి తమ్ముడేమీ కాదు, ఊళ్లో పిల్లలందరికీ బాబాయే. కొట్లకి బోర్డులు రాయడం ఆయన బతుకుతెరువు. ఇది మాత్రం ఆయన పిచ్చి. బిడ్డ పుట్టిన రోజున ఈల వేసుకుంటూ నిచ్చెన ఎక్కేవాడు. ఎవరైనా పోయినప్పుడు ఉతికిన చొక్కా తొడుక్కొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా అంకె మార్చి వెళ్లిపోయేవాడు.

హాస్టళ్లలో చదివే పిల్లల్ని లెక్కలో ఉంచాలా వద్దా అని ఒకసారి పెద్ద రభస జరిగింది. "మాసిన బట్టలు ఏ ఇంటికి తెస్తే ఆ ఊరివాళ్లే," అని తేల్చేశాడు బాబాయి.

ఇంత లెక్క చూసే మనిషి ఆ లెక్కలో లేడు. వయసులో ఉండగా బడి గోడలకి రంగులేయడానికి వచ్చి, నడి వీధి పిల్లని చేసుకున్నాడు. బోర్డులు ఆరబెట్టుకోవడానికి ఖాళీ స్థలం కావాలని వాగు అవతలి గట్టున రెండు గదులు కట్టుకున్నాడు. వాగు దాటితే మా ఊరు కాదు. అది తాతల నాటి నియమం. బాబాయి నియమానికి ఎంత కట్టుబడ్డాడంటే, పెళ్లయిన మర్నాడే వచ్చి పెళ్లాం పేరున ఒకటి తగ్గించాడు. "తాళం చెవి చేతికివ్వకముందే నన్ను ఊళ్లోంచి కొట్టేశాడమ్మా," అని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన్ని ఎక్కువగా ఏడిపించేది సెలూన్ మావయ్య. నడి వీధిలో సెలూన్, కింద వీధి చివర ఇల్లు. ఇద్దరూ బావా బావా అనుకుంటారు. "చుట్టాలొచ్చారు, జరగండి," అంటూ బాబాయికి కుర్చీ చూపించేవాడు. సెలూన్ నిండా నవ్వులే. బాబాయీ నవ్వేవాడు. కానీ ఎవరికి బిడ్డ పుట్టినా, అంకె మార్చి కిందికి దిగాక బోర్డు వంక ఒక్క క్షణం అలా చూస్తూ నిలబడేవాడు. కిటికీలోంచి నాకు కనిపించేది. మా ఊరి మనిషిననిపించుకోవాలని ఆయనకెంత ఆశో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్న మావాళ్లని చూస్తే ఒళ్లు మండేది.

పోయిన వానాకాలం వాగు పొంగింది. అందరం బడిలో తలదాచుకున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్లు తీశాక చూస్తే వాగు దారి మార్చుకుంది. ఎగువన అవతలికి జరిగి బాబాయి ఇంటి వెనక నుంచి పారుతోంది. ఇంటి ముందు పాత వాగంతా బురద. అంటే బాబాయి ఇల్లు ఊళ్లోకి వచ్చేసింది.

ఊరంతా బోర్డు దగ్గరికి చేరింది. బాబాయి మొహం చేటంతైంది. రంగు డబ్బా మూత తీశాడు. సరిగ్గా అప్పుడే నడి వీధి కిరాణా కొట్టు అక్కయ్య అంది, "మరి సెలూన్ వాళ్ల సంగతో?"

అందరం అటు తిరిగాం. దిగువన వాగు ఇవతలికి జరిగింది. మావయ్య ఇల్లు అవతలి గట్టున పడింది. ఆ ఇంట్లో ఆయన, అత్తయ్య, ఆయన ముసలి తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. మావయ్య ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని నీళ్లలోంచి నడిచొస్తున్నాడు. విషయం విన్నాడు. నవ్వబోయాడు గానీ ఆ నవ్వు కుదరలేదు.

"నియమం నియమమే బావా. ఇన్నాళ్లూ నిన్ను ఏడిపించాను, ఇక నా వంతు. నిన్ను కలుపుకో, మమ్మల్ని తీసెయ్."

బాబాయి నిచ్చెన ఎక్కాడు. పన్నెండు వందల పద్నాలుగు. ఆ అంకె దాకా కుంచె ఎత్తాడు. తర్వాత ఏమీ రాయకుండా దిగిపోయాడు.

"అదేంటి బాబాయ్?" అన్నాను, ఉండబట్టలేక.

"అవతల ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. వీళ్లని అక్కడికి తోసి నేనిక్కడికి రాలేను. ఉన్నది ఉన్నట్టే ఉండనీ. మేమిద్దరం అలవాటు పడ్డవాళ్లమేగా."

పిన్ని ఆయన వైపు చూసింది. ఈసారి దెప్పలేదు. ఆయన చొక్కాకి అంటిన బురద దులిపింది. కిరాణా అక్కయ్య, పాపం, నేల చూపులు చూస్తోంది.

మావయ్య బాబాయి చేతిలో కుంచె లాక్కున్నాడు. తడి కాళ్లతోనే నిచ్చెన ఎక్కాడు. జన్మలో సబ్బు నురగ పూసే కుంచె తప్ప ఇంకోటి పట్టి ఎరుగని మనిషి. చివరి నాలుగుని గుడ్డతో తుడిచి, ఆ చోట ఆరు రాయడం మొదలుపెట్టాడు. కింద నిచ్చెన పట్టుకోవడానికి ఒకళ్లనొకళ్లు తోసుకున్నాం. రంగు కారింది, మావయ్య మోచేతిదాకా పచ్చగా అయింది. అయినా వదల్లేదు.

"బావా, ఆరు పొట్ట మరీ పెద్దదైపోతోంది," అన్నాడు బాబాయి కిందినుంచి. అలవాటు ఎక్కడికి పోతుంది.

"పెద్దదే కావాలి బావా. నువ్వూ చెల్లెమ్మా ఇద్దరూ పట్టాలిగా అందులో."