పాటకు ముందు గిటారు

కారులో పాట పెడితే, మొదట వచ్చే గిటారును మా అమ్మాయి దాటించేసింది. "మళ్లీ మొదటినుంచీ పెట్టు" అన్నాను.

డెబ్బైల్లో మస్కట్‌లో పెరిగినవాళ్లూ, గుర్తుందా? శుక్రవారం సాయంత్రం మన క్రైస్తవ కుటుంబాలు కలిసి చేసుకునే ఇంటి ప్రార్థన, ఏలకుల టీ వాసన, రత్నం అంకుల్ గిటారు. నర్సులైన మన అమ్మలు డ్యూటీ దిగి వచ్చేదాకా ఆయన పాట ఎత్తుకోనిచ్చేవాడు కాదు. పాటకు ముందు వరసే తిప్పి తిప్పి వాయించేవాడు.

"ఇంకెంతసేపయ్యా, పాడేద్దాం" అని సంఘపెద్ద విసుక్కునేవాడు.

"సిస్టర్లు రాలేదు కదండీ" అని అంకుల్ మళ్లీ అందుకునేవాడు.

బయట హాస్పిటల్ వ్యాను ఆగేది. తెల్ల యూనిఫాంలోనే అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే, అప్పుడు తలూపేవాడు. అందరం పాట ఎత్తుకునేవాళ్లం.

ఆయన్ని మించి వాయించేవాళ్లను ఎందరినో విన్నాను. మా అమ్మ కోసం ఆగిన గిటారు అదొక్కటే. అందుకే నా కారెక్కితే ఎవరైనా సరే, గిటారు అయ్యేదాకా ఆగాల్సిందే.